ఐదడుగుల తప్పు

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాలుగో రోజున ఒక గాజు జగ్గు పగలగొట్టాను. కొత్త కోడలు జగ్గు పగలగొడితే ఏ ఇంట్లోనైనా రెండు నిమిషాలు మౌనం పాటిస్తారు, మూడో నిమిషంలో "పోనీలేమ్మా" అంటారు. నేను ఆ మూడో నిమిషం దాకా ఆగలేకపోయాను. నలుగురూ నవ్వుతారు కదా అని, మా ఊళ్ళో చిన్నప్పటి నుంచి అందరం అనే సినిమా మాట ఒకటి అనేశాను.

"తప్పు నాదే... అని మీరనుకుంటే, అది మీ తప్పు!"

అత్తగారి చేతిలో గరిటె ఆగిపోయింది. మా ఆయన నా వైపు, ఈ సంబంధం ఎవరు తెచ్చారో గుర్తు చేసుకుంటున్నట్టు చూశాడు. మావగారు మాత్రం కంచంలోంచి తల ఎత్తలేదు.

"అదేం మాటమ్మా?" అన్నారు అత్తగారు.

"సినిమాలోది అత్తయ్యా. ఆ కాపలావాడు అంటాడు చూడండి..."

"ఆ సినిమా మాకు తెలీదా? మీ మావయ్యగారే ఇక్కడి హాల్లో బొమ్మ వేశారు, వంద రోజులు. అందులో వాడు 'తప్పు నాదే!' అంటాడు, అంతే. తోక మీ ఊరివాళ్ళు తగిలించుకున్నట్టున్నారు."

సంగతేమిటంటే, అదొక పాత హాస్యచిత్రం. అందులో ఒక కాపలావాడు గురకపెట్టి నిద్రపోతుంటే దొంగలు ఇల్లంతా ఊడ్చుకుపోతారు, చివరికి వాడు కూర్చున్న కుర్చీతో సహా. తెల్లారాక యజమాని వచ్చి నిలదీస్తాడు. వాడు నేల మీద నుంచి లేచి, దుమ్ము దులుపుకుని, గుండె మీద చెయ్యి వేసుకుని "తప్పు నాదే" అంటాడు. పాపం యజమాని మెత్తబడతాడు. అప్పుడు వీడు వంకర టోపీ సర్దుకుని, "అని మీరనుకుంటే, అది మీ తప్పు!" అని ఠీవిగా బయటికి నడుస్తాడు. సినిమా మొత్తంలో ఆ మాట వచ్చేది ఒక్కసారే. ఒక్కసారి చాలింది. పరీక్ష తప్పినా, పాలు పొంగినా మా వీధి పిల్లలం అదే అనేవాళ్ళం.

ఈ ఊళ్ళో ఆడిన బొమ్మలో మాత్రం కాపలావాడు "తప్పు నాదే" అన్న మరుక్షణం ఠీవిగా బయటికి నడుస్తుంటాడు. వంకరగా ఉన్న టోపీ నడకలో ఎలా తిన్నగా అయిందో వంద రోజుల్లో ఒక్కరూ అడగలేదు. ఊరంతా ఆ రెండు ముక్కలే పట్టుకుంది. బస్సు కండక్టరు చిల్లర ఇవ్వకపోయినా, దర్జీ చొక్కా పొట్టి చేసినా, ఎదుటివాడు నోరు తెరిచేలోపు గుండె మీద చెయ్యి వేసుకుని "తప్పు నాదే!" అంటారు. ఎదుటివాడు నవ్వేస్తాడు. గొడవ తీరిపోతుంది. చొక్కా పొట్టిగానే ఉంటుంది.

నాకు ఇక్కడి నీళ్ళ ఆఫీసులో, ఫిర్యాదుల విభాగంలో ఉద్యోగం దొరికింది. వారం రోజులుగా కుళాయి రావడం లేదని ఎవరైనా మండిపడుతూ వస్తే, మా పెద్ద గుమాస్తా కుర్చీలోంచి లేచి మరీ ఆ మాట అంటాడు. వచ్చినాయన నవ్వుకుంటూ వెళ్ళిపోతాడు. కుళాయి మాత్రం నవ్వదు. బయటి ఊళ్ళ నుంచి వచ్చే అధికారులు ఈ ఊరి సంస్కారాన్ని చూసి మురిసిపోతుంటారు. తప్పు ఒప్పుకునే జనం ఇంతమంది ఒకేచోట వాళ్ళెక్కడా చూడలేదట. దిద్దుకునే జనం ఉన్నారా అంటే, అది సినిమాలో లేదు.

మొదటి రోజు మొదటి ఆట చూసినవాళ్ళు కొందరు, ఆ మాటకు ఇంకా ఏదో ఉండాలని అప్పట్లో వాదించారట. తరవాత వంద రోజులు చూసిన జనం ముందు వాళ్ళ మాట చెల్లలేదు. నెల తిరిగేసరికి వాళ్ళకే అనుమానం వచ్చి, మళ్ళీ టికెట్టు కొనుక్కుని చూసి, పొరపాటు తమదేనని ఒప్పుకున్నారు. ఏ మాటతో ఒప్పుకున్నారో వేరే చెప్పాలా?

మా మావగారి గురించి చెప్పాలి. ఆయన్ని ఊళ్ళో అందరూ ఆపరేటరు గారు అనే పిలుస్తారు. ఉన్న ఒక్క సినిమా హాలులో ముప్పై ఏళ్ళు బొమ్మ వేశారు. మేడ మీద కొలిమిలాంటి గది, రెండు మిషన్లు, గోడకు అరచేయంత కన్నం. లోకంలోని హాస్యమంతా ఆయన ఆ కన్నంలోంచే చూశారు. హాలు మూతపడి పన్నెండేళ్ళయింది, ఇప్పుడు అందులో బీరువాలు, మంచాలు దాచుకుంటున్నారు. మూతపడనిది మావగారి నోరు. ఇంట్లో ఆయన సొంతంగా మాట్లాడిన మాట వేళ్ళ మీద లెక్కపెట్టాలి. కూరలో ఉప్పు తగ్గితే "ఉప్పమ్మగారు సెలవు పెట్టారా?" అంటారు. ఎక్కడికి బయల్దేరారని అడిగితే "కాళ్ళనడగండి, నేను ప్రయాణికుణ్ణి" అంటారు. చుట్టాలు వెళుతుంటే "తలుపు మీది, దారి మీది, చెప్పులు మాత్రం మావి కాకుండా చూసుకోండి" అంటారు. ఇవన్నీ ఏవేవో పాత సినిమాల్లో, ఎప్పుడో పోయిన హాస్యగాళ్ళు అన్నవి. మొదటి నెల నవ్వాను. రెండో నెల నుంచి చుట్టాల తరఫున బాధపడ్డాను.

అన్ని మాటలు వాడే మనిషి, ఊరంతా అనే ఆ ఒక్క మాట మాత్రం అనగా నేను ఆరేళ్ళలో ఎప్పుడూ వినలేదు. పిసినారితనం అనుకున్నాను.

ఇంట్లో ఎవరూ ఎత్తని సంగతి ఇంకొకటి ఉంది. అత్తగారికి ఒక తమ్ముడు. మూడు వీధుల అవతల తాళంచెవులు చేసే కొట్టు ఆయనది. వరసకు నాకు బాబాయి. ఆయన ఈ గడప తొక్కి ముప్పై ఒక్క ఏళ్ళు. మా ఆయన పుట్టి నలభై రోజులప్పుడు తొక్కిందే ఆఖరు.

అప్పుడాయన మావగారి దగ్గరే, అదే హాలులో రీళ్ళు చుట్టే పని చేసేవాడు. వంద రోజుల ఆట అయ్యాక సినిమా కంపెనీ మనిషి ప్రింటు తీసుకోవడానికి వచ్చి, రీలు తిప్పి చూసి, ఒకచోట ఐదడుగుల ఫిల్ము లేదన్నాడు. ఫిల్ము ముక్కలు కోసి పిల్లలకు అమ్ముకునే అలవాటు ఆ రోజుల్లో కొందరు పనివాళ్ళకు ఉండేది. హాలు యజమాని నేరుగా రీళ్ళు చుట్టే కుర్రాడి మీద పడ్డాడు. "కోసింది నీ బావమరిదేనా?" అని మావగారిని అడిగాడు. మావగారు తల దించుకున్నారు. దించిన తలను అవునని చదువుకోవడానికి యజమానికి పెద్ద చదువు అక్కర్లేకపోయింది. ఆ సాయంత్రమే ఉద్యోగం ఊడింది. అత్తగారు పసివాణ్ణి ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో నిలబడి, "నా మొగుడి ఉద్యోగానికే ఎసరు పెట్టావు. దొంగవి. మళ్ళీ ఈ గడప తొక్కకు" అన్నారట. ఆయన తొక్కలేదు.

ఆ తరవాత ఆయన తాళాల పని నేర్చుకున్నాడు. ఈ ఊరి తమాషా చూడండి. దొంగ అని పనిలోంచి తీసేసిన మనిషి చేతికే ఊరంతా ఇంటి తాళాలు, బీరువా తాళాలు తీసుకెళ్ళి ఇచ్చింది. చివరికి ఆ హాలు యజమాని కూడా. ఆయన్ని నమ్మని తలుపు ఒక్కటే, మా ఇంటిది. అత్తగారు కూరలకు వెళ్ళాలంటే ఆ వీధి తప్పించి, చుట్టూ తిరిగి వెళతారు.

ఈ ఏడాది వేసవిలో రెండు సంగతులు ఒకేసారి వచ్చాయి. ఒకటి, బాబాయి నెలాఖరుకు కొట్టు ఎత్తేసి, దూరాన ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడని తెలిసింది. అత్తగారు ఆ మాట విని "వెళితే వెళ్ళనీ" అన్నారు. అని, చెరిగిన బియ్యమే మళ్ళీ చెరిగారు. రెండోది, ఒక ఆదివారం మధ్యాహ్నం ఏదో ఛానెల్‌లో ఆ పాత సినిమా వేశారు.

నేను టీవీ ముందు కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాను. ఆరేళ్ళ నాటి బాకీ తీరబోతోంది మరి. దొంగలు కుర్చీ లాగేస్తుండగా మావగారు లేచి, నీళ్ళ ట్యాంకు నిండిందో లేదో చూసొస్తానని మేడ మీదికి వెళ్ళారు. ట్యాంకు పొద్దున్నే నిండింది. తెర మీద కాపలావాడు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు, టోపీ సర్దుకున్నాడు, తోకతో సహా మొత్తం అన్నాడు.

"విన్నారా అత్తయ్యా?"

"విన్నాం. టీవీ వాళ్ళు కలిపారు. ఈ రోజుల్లో కల్తీ లేనిదేముంది?" అన్నారు అత్తగారు. మా ఆయన తల ఊపాడు. ఆ కాపలావాడే దిగొచ్చి చెప్పినా ఈ ఇంట్లో వాడికి సంస్కారం లేదనేవాళ్ళు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. టోపీ సర్దుకుని ఆ తోక అన్నంతసేపూ నేను గడియారం చూశాను. మూడు సెకన్లు, కాస్త ఎక్కువ. సినిమా సెకనుకు అడుగున్నర ఫిల్ము నడుస్తుందని మావగారే ఎన్నోసార్లు గొప్పగా చెప్పారు. లెక్క కష్టమేమీ కాదు. మేడ మీదికి వెళ్ళేసరికి ఆయన తేలు కుట్టిన దొంగలా ట్యాంకు పక్కన కూర్చుని ఉన్నారు.

"మావయ్యగారూ, ఆ ఐదడుగులూ ఇవేనా?"

ఏదైనా డైలాగు కొడతారేమో అని చూశాను. కొట్టలేదు.

"మొదటి రోజే అమ్మాయ్. రెండో ఆట," అన్నారు. "పొద్దుటి ఆటలో ఆ సీను చూసి కడుపు చెక్కలయ్యేలా నవ్వాను. రెండో ఆటలో అదొచ్చే టైముకి, మళ్ళీ చూద్దామని కన్నం దగ్గరికి పోయాను. మిషన్ మీద ఉండాల్సిన కన్ను తెర మీద పెట్టాను. ఫిల్ము ఇరుక్కుని కాలిపోయింది. కింద జనం ఈలలు. బ్లేడు తీసుకుని కాలినంతా కోసేసి అతికించాను. అంతా కలిపి ఐదు నిమిషాలు."

"బాబాయిగారికి తెలీదా?"

"వాడు అప్పుడు కింద ఉన్నాడు. పైకొచ్చి, కాలిన ముక్కలు ఊడ్చి పారేసింది వాడే. ఓనరు అడిగినప్పుడు వాడు నా వైపు చూశాడు. నేను చెప్తాననుకుని చూశాడు. నేను చెప్పలేదు. వాడూ చెప్పలేదు, అక్క కాపురం కదా అని."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళు పాత జోకులతో ఈ మనిషి ఇంట్లో ఒక్క నిజమైన మాటకు చోటు లేకుండా చేశాడు. చోటుంటే ఈ మాట బయటపడేది మరి.

"అత్తయ్యకి చెప్పండి," అన్నాను.

"ఏ మొహం పెట్టుకుని చెప్పనమ్మా?"

"ఉన్న మొహం పెట్టుకునే. నెలాఖరు దాకానే టైముంది. ఆయన వెళ్ళిపోయాక ఆ అక్కాతమ్ముళ్ళు ఇక ఎవరిదో ఒకరి చావుకే కలుస్తారు."

ఆయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు, ముందు బావమరిది దగ్గరికి వెళతానని, తోడు రమ్మని నన్ను అడిగారు. దారి పొడవునా ఏం అనాలో గొణుక్కుంటూనే ఉన్నారు. "క్షమించు" అని ఒకసారి అనుకుని చూశారు. ఆ మాట సభల్లో మైకు ముందు అనేది గానీ, బావ బావమరిదితో అనేది కాదని ఆయనకే తెలిసింది. మా ఇళ్ళలో మనిషి మనిషికి చెప్పుకునే మాట ఒక్కటే ఉంది. ఆ ఒక్కదాన్నీ ఆయన స్వయంగా బ్లేడుతో కోసి ఊరికి పంచిపెట్టారు.

కొట్టు అంటే నాలుగడుగుల గది. గోడ నిండా మేకులకు పళ్ళు కొయ్యని తాళంచెవులు వేలాడుతున్నాయి. బాబాయి తల వంచుకుని మిషన్ మీద చెవి అరగదీస్తున్నాడు. బయట ముగ్గురు నిలబడి ఉన్నారు: స్కూటరు తాళం పోగొట్టుకున్న మాష్టారు, హాస్టలు వార్డెను, మందుల షాపాయన. మావగారిని చూడగానే ముగ్గురి మొహాలూ వెలిగాయి. ఆపరేటరు గారు ఎక్కడ నోరు తెరిస్తే అక్కడ ఉచితంగా వినోదం మరి.

బాబాయి మిషన్ ఆపాడు. బావ కొట్టు ముందుకు రావడం ఇదే మొదటిసారి.

మావగారు చెప్పులు విడిచి మెట్టెక్కారు. మాట కూడదీసుకోవడానికి కాబోలు, చెయ్యి గుండె మీద పెట్టుకున్నారు. నేను కళ్ళు మూసుకున్నాను.

"తప్పు నాదే," అన్నారు.

మాష్టారు ఫక్కున నవ్వాడు. వార్డెను కూడా నవ్వింది.

"కాదు, నిజంగానే. తప్పు నాదే!" అన్నారు మావగారు గొంతు పెంచి.

"ఆహా, అచ్చం వాడే! ఇంకోసారండీ!" అన్నాడు మందుల షాపాయన.

మావగారి కళ్ళలోంచి నీళ్ళు కారాయి. "తప్పు నాదేరా..." అన్నారు మూడోసారి. మందుల షాపాయన చప్పట్లు కొట్టాడు. కన్నీళ్ళు కూడా తెప్పించగలడని, సినిమాలోవాడు కూడా ఇంత బాగా చెయ్యలేదని మాష్టారు వార్డెనుతో అంటున్నాడు. నాకు జన్మలో ఎవర్నీ కొట్టాలనిపించలేదు. ఆ రోజు అనిపించింది.

బాబాయి నవ్వలేదు. చేతిలోని తాళంచెవి పక్కన పెట్టి, "రేపు రండి, రేపిస్తా" అని ముగ్గుర్నీ పంపించి, షట్టరు సగం దించాడు. ఒక స్టూలు లాగి బావ ముందు వేశాడు.

"కూర్చో బావా," అన్నాడు. "ఏళ్ళ తరబడి ఊరంతా రోజుకి వందసార్లు నా మొహం మీద అదే మాట అంటుంటే విన్నాను. తాళంచెవి చేసివ్వడం ఆలస్యమైందా, నేనంటాను 'తప్పు నాదే' అని, వాళ్ళు నవ్వుతారు. నువ్వు ఇంకో మాట తేవాల్సింది."

"ఇంకో మాట లేదురా."

"అయితే జరిగింది జరిగినట్టు చెప్పు. నాక్కాదు, నాకు తెలుసుగా. అక్కకి చెప్పు."

ఇంటికొచ్చేసరికి అత్తగారు మంచం మీద ఉతికిన బట్టలు మడత పెడుతున్నారు. మావగారు ఆవిడ ఎదురుగా నిలబడ్డారు. ఈసారి చెయ్యి గుండె మీదికి పోలేదు. "ఆ ఫిల్ము కాల్చింది నేను. కోసి అతికించింది నేను. నీ తమ్ముడు కాదు," అన్నారు. ఆరేళ్ళలో ఆయన అత్తగారితో అనగా నేను విన్న మొదటి సొంత మాటలు అవే.

అత్తగారు చేతిలో ఉన్న చొక్కా మడత పూర్తి చేశారు.

"వాడికి తెలుసా?"

"తెలుసు."

"తెలిసి ఊరుకున్నాడా?"

"నీ కోసం."

ఆవిడ ఇంకో చొక్కా తీసుకున్నారు. మడత పెట్టలేదు, ఒళ్ళో పెట్టుకున్నారు. "అమ్మ పోయినప్పుడు వాడొక మూల, నేనొక మూల నిలబడ్డాం. వాడు ఏడుస్తుంటే నేను మొహం తిప్పుకున్నాను. మీరు నా పక్కనే ఉన్నారు. దొంగ అన్నది నేను, పొమ్మన్నది నేను. మీరు పాపం ఒక్క మాట కూడా అనలేదు. ఎంత మంచివారండీ!"

మావగారు ఏదో అనబోయారు. ఆవిడ చెయ్యెత్తి ఆపి, నా వైపు తిరిగారు. "వెళ్ళి వాణ్ణి తీసుకురా అమ్మా. నేను రమ్మన్నానని చెప్పు. నేనే అక్కడికి వెళ్ళొచ్చు గానీ, పొమ్మన్న ఇంటికే వాడు మళ్ళీ రావాలి."

సాయంత్రం కొట్టు కట్టేసి ఆయన వచ్చాడు. గడప ముందు ఒక్క క్షణం ఆగి, అత్తగారు "రా" అన్నాక కాలు లోపల పెట్టాడు. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు. ఇద్దరి జుట్టూ తెల్లబడింది. ఆవిడ కౌగిలించుకోలేదు, ఏడవలేదు. గబగబా వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టారు. నేను చేస్తానంటే వినలేదు. "వాడు ఎలా తాగుతాడో నాకు తెలుసు," అన్నారు. స్టీలు గ్లాసులో మూడు చెంచాల పంచదార వేసి, గిలకొట్టినట్టు కలిపి, తీసుకొచ్చి ఆయన చేతిలో పెట్టారు. పెట్టి, చిన్నపిల్లలా ఆయన మొహంలోకే చూస్తూ నిలబడ్డారు.

బాబాయి ఒక గుక్క తాగి, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

"ఏరా, తీపి చాలలేదా?"

"చాలా బాగుందక్కా," అన్నాడాయన. తరవాత మెల్లగా చెప్పాడు. "నాకు షుగరొచ్చి పదకొండేళ్ళయింది."

అత్తగారు ఆ గ్లాసు ఆయన చేతిలోంచి తీసుకున్నారు. తీసుకుని అక్కడే, నేల మీద కూలబడి ఏడ్చారు. ఆ ఏడుపు ఇంటి బయటికి కూడా వినిపించి ఉంటుంది.

"ఇంకేమేం ఉన్నాయిరా నాకు తెలియనివి?" అన్నారు కొంగుతో మొహం తుడుచుకుంటూ.

ఆయన కుర్చీ దిగి ఆవిడ పక్కనే నేల మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. కూతురు పుట్టినప్పటి సంగతి, భార్యకి ఆపరేషన్ జరిగినప్పటి సంగతి, ఎడం చేతి వేలు మిషన్‌లో పడినప్పటి సంగతి. అత్తగారు ఆ వేలు పట్టుకుని వింటున్నారు. మావగారు గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నారు. ఆయన్ని కూర్చోమని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.